తుఫాను కొండెక్కితే

అరకు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. భర్తకి బదిలీ అయితే ఈ వేసవిలోనే కోనసీమ నుంచి అక్కడికి కాపురం మార్చారట. "పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ దసరా వెళ్లిందంటే రేడియో దగ్గర చెవి పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఇక్కడ ఆ బెంగ లేదు, సముద్రం మూడు వేల అడుగుల కింద ఉండిపోయింది అని మా అత్తగారు ధీమాగా ఉన్నారు. పక్క క్వార్టర్సులో ఉండే పెద్దావిడ మాత్రం కట్టెలు లోపల పేర్చుకో, ఉప్పు తెచ్చి పెట్టుకో అని రోజూ చెబుతోంది. ఎవరి మాట వినమంటారు?" అని ఆవిడ సందేహం.

పెద్దావిడ మాటే వినండమ్మా.

అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసింది సముద్రం నీరు, ఉప్పెన. అది కొండ మీదికి రాదు. కోనసీమలో పుట్టినవాళ్లకి తుఫాను అంటే ఉప్పెనే గుర్తొస్తుంది కాబట్టి, కొండెక్కాం ఇక గట్టెక్కాం అనిపించడం సహజం. కానీ తుఫానుకి ఉప్పెన ఒక్కటే ఆయుధం కాదు కదా! గాలి ఉంది, వాన ఉంది. ఆ రెండూ కొండెక్కుతాయి.

2014 అక్టోబరు 12, ఆదివారం. దసరా వెళ్లింది, దీపావళికి ఇంకా పదకొండు రోజులుంది. ఆ మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. విశాఖ ఏమైందో అందరికీ గుర్తే. పాల ప్యాకెట్టుకీ, మంచినీళ్ల డబ్బాకీ జనం బారులు తీరడం టీవీలో చూశాం. అయితే ఆ తుఫాను విశాఖలో ఆగిపోలేదు. వాయవ్యంగా కదిలి, తూర్పు కనుమలు దాటుకుని, ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లింది. దాని దారిలోనే ఉన్నాయి మన అనంతగిరి, అరకు, పాడేరు కొండలు. కాఫీకి నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకించిన మిరియాల తీగెలతో సహా కాఫీ మొక్కల మీదే కూలాయి. ఎన్నో ఏళ్ల కష్టం ఒక్క పూటలో నేలమట్టమైంది. పట్నంలోనే కరెంటు రావడానికి రోజులు పట్టిందంటే, ఘాట్ రోడ్డు మీద చెట్లూ బండరాళ్లూ అడ్డంపడిన కొండ ఊళ్ల సంగతి మీరే ఆలోచించుకోండి.

అదొక్కటే కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని దెబ్బతీసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. పేర్లు సీతాకోకచిలుక, గులాబీపువ్వు, చేసే పనులు మాత్రం ఇవీ! మన తీరానికి ముఖ్యమైన గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెలలో కూడా ఒక గండం ఉంటుంది. కాబట్టి వినాయక చవితి వెళ్లగానే ఇంటి సంగతి చూసుకోవడం మొదలుపెడితే కంగారు ఉండదు.

ఇప్పుడు అసలు మాట చెబుతాను, దీన్ని కొంచెం మనసులో పెట్టుకోండి. తుఫాను తీరం దాటగానే టీవీలో "తుఫాను బలహీనపడి వాయుగుండంగా మారింది" అని చెబుతారు. తీరంలో ఉన్నవాళ్లు ఆ మాట విని ఊపిరి పీల్చుకోవచ్చు. కొండమీద ఉన్న మనం పీల్చుకోకూడదు. తుఫానుకి బలం వెచ్చటి సముద్రం నీటినుంచి వస్తుంది. నేల మీదికి రాగానే ఆ దాణా ఆగిపోయి గాలి తగ్గుతుంది. కానీ అది మోసుకొచ్చిన తేమ ఎక్కడికి పోతుంది? ఆ తడిగాలి కొండకి తగిలి పైకి లేస్తుంది, పైన చల్లబడుతుంది, చల్లబడితే కురుస్తుంది. అంటే కింద వాళ్లకి గండం గడిచిందన్న వేళకి మనకి మొదలవుతుందన్నమాట. పేపర్లో "పదో నంబరు ప్రమాద సూచిక" అని పెద్దక్షరాలతో వేస్తారే, అది ఓడరేవుల్లో ఓడలవాళ్ల కోసం ఎగరేసేది. మనం చూసుకోవాల్సింది మన జిల్లాకి వాన ఎంత చెప్పారన్నది. అరకు, పాడేరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. విశాఖ జిల్లా హెచ్చరిక విని ఊరుకోకండి. ఇరవైనాలుగు గంటల్లో ఆరున్నర సెంటీమీటర్లు దాటితే "భారీ", పదకొండున్నర దాటితే "అతిభారీ", ఇరవై దాటితే "అత్యంత భారీ" అంటారు. పసుపు రంగు అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే సర్దుకోమని, ఎరుపు అంటే ఇక చెప్పిన పని చెయ్యమని.

కొండ ఊళ్లో తుఫాను అంటే ఒక రాత్రి గండం కాదు, వారం పది రోజుల ఒంటరితనం. రోడ్డు తెగుతుంది. గట్టి వానకి కొత్తవలస–కిరండూల్ లైను మీద బండలు పడి రైలు ఆగిపోతుంది. కరెంటు పోతుంది, దాని వెనకాలే సెల్‌ఫోను టవరూ పోతుంది. సంత జరగదు. మన సంసారాన్ని ఆ పది రోజులకి సరిపడేలా సర్దుకోవాలి. అంతే సంగతి.

ముందు నీళ్లు

ఇంత వాన పడుతుంటే నీళ్లకేం కరువని నవ్వకండి. కొండ ఊళ్లలో చాలాచోట్ల తాగేది ఊట నీరే, పైనుంచి పైపులో దిగివస్తుంది. గట్టి వాన పడిన మర్నాడే ఆ నీళ్లు ఎర్రమట్టి కలిసి కాఫీ రంగులోకి మారతాయి. పైపు కొట్టుకుపోవడం కూడా మామూలే. కాబట్టి నారింజ హెచ్చరిక విన్న రోజునే బిందెలూ గుండిగలూ బాగా తోమి నింపి, మూతలు పెట్టి, మూత మీద బట్ట కట్టండి. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు చూసుకోండి. అయిదుగురున్న ఇంట్లో మూడు రోజులకి అరవై లీటర్లు, అంటే నాలుగు పెద్ద బిందెలు. స్నానాలకీ అంట్లకీ వాననీళ్లు చాలు. చూరు కింద గంగాళం పెట్టుకోవచ్చు.

మూడు రోజుల తర్వాత? అప్పుడు ఊట నీళ్లే గతి. ఆ మట్టి తేరడానికి మన కొండల్లోనే మందుంది. చిల్లగింజ, ఇండుగపిక్క అంటారే, అదే. గిరిజనులు అడవిలో ఏరి సంతలో అమ్ముతారు, గిరిజన సహకార సంస్థ కూడా కొంటుంది. కుండ లోపలి గోడకి ఆ గింజని నాలుగు రుద్దులు రుద్ది నీళ్లు పోస్తే కొన్ని గంటల్లో మట్టి అడుక్కి దిగుతుంది. పటిక ముక్క తిప్పినా అంతే. కానీ ఒక్క సంగతి, తేటగా కనిపించే నీళ్లన్నీ మంచినీళ్లు కావు. చిల్లగింజ మట్టిని దించుతుంది, క్రిముల్ని పూర్తిగా పోగొట్టదు. తేరిన నీళ్లని వడబోసి, తెర్లు వచ్చేదాకా మరిగించాలి. తెర్లిన తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఉంచితే చాలు. (అన్నట్టు, అరకు ఎత్తున నీళ్లు వందకి కాదు, సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. కింద నుంచి కొత్తగా వచ్చినవాళ్లు "పప్పు ఎంతకీ ఉడకదేమిటి" అని విసుక్కోవడానికి కారణం అదే. క్రిములు చావడానికి ఆ వేడి సరిపోతుంది, బెంగ వద్దు.) ఆరోగ్య కార్యకర్తని అడిగి క్లోరిన్ బిళ్లలు ముందే తెచ్చి పెట్టుకుంటే కట్టెలు కలిసొస్తాయి.

పొయ్యి, పొయ్యి మీదికి

గ్యాస్ సిలిండరు ఎంతుందో ఊపి చూసుకోండి. ఘాట్ రోడ్డు మూసుకుపోయాక బండి రాదు. గ్యాస్ ఉన్నా సరే, నాలుగు మోపులు ఎండుకట్టెలు అటక మీదో మంచం కిందో పేర్చుకోండి. చితుకులూ, కొబ్బరి పీచూ వేరే సంచిలో పెట్టాలి. తడికట్టెతో పొయ్యి ముట్టించడం కంటే పెద్ద పని లోకంలో లేదు. అగ్గిపెట్టెలు అరడజను గాజుసీసాలో వేసి మూత బిగించండి.

కట్టె ఆదా చేసే ఉపాయం ఒకటుంది, మన పాతవాళ్లకి తెలిసిందే. లోతైన వెదురుబుట్టలో చుట్టూ, అడుగునా జానెడు మందాన ఎండుగడ్డి కూరండి. మధ్యలో తపేలా కూర్చునేంత గుంట ఉంచండి. అన్నం ఎసరు తెర్లి అయిదు నిమిషాలు ఉడికాక, మూత పెట్టి, తపేలాని బుట్టలో కూర్చోబెట్టి, పైన పాత దుప్పటి మడిచి కప్పేయండి. గంటకి అన్నం తనంత తానే ఉడికి వేడిగా ఉంటుంది. నానబెట్టిన పెసరపప్పు పది నిమిషాలు ఉడికించి పెడితే రెండు గంటల్లో మెత్తబడుతుంది. నేను చెప్పినదానికంటే ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచినా నష్టం లేదు, తక్కువ చెయ్యకండి.

ఒక్క రాజ్మా మాత్రం ఈ బుట్టకి వద్దు. మన కొండల్లో బాగా పండుతుంది కదా అని ఇళ్లలో నిల్వ ఉంటుంది. కానీ రాజ్మా సగం ఉడికిందంటే విషంతో సమానం, ఇంటిల్లిపాదికీ వాంతులు పట్టుకుంటాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు గలగలా మరిగించి, ఆ తర్వాతే మెత్తబడేదాకా ఉడికించాలి. కట్టె కరువైన రోజుల్లో దాని జోలికి పోకపోవడమే మేలు.

మరి ఏం దాచుకోవాలి? బియ్యం, పెసరపప్పు, చింతపండు, నూనె, బెల్లం, అటుకులు, ఉల్లిపాయలు, కందిపొడి, ఒక ఊరగాయ జాడీ, తినేవాళ్లయితే ఎండుచేపలు. సామలు ఉంటే ఇంకా మంచిది, తొందరగా ఉడుకుతాయి. అన్నిటికంటే ముందు ఉప్పు. పక్క క్వార్టర్సు పెద్దావిడ ఉప్పు సంగతి ఎందుకు చెప్పిందో తెలుసా? బియ్యం, చోళ్లు, దుంపలు కొండమీద పండుతాయి. ఉప్పు కింద నుంచి రావాలి. రోడ్డు తెగితే ముందు కరువయ్యేది అదే. గాజు జాడీలో రెండు కిలోలు పోసి పెట్టుకోండి. రేషన్ ఇస్తున్న రోజులైతే డిపోకి వెళ్లి ముందే తెచ్చేసుకోండి, రేపు మాపు అనకండి.

పిల్లలకీ ముసలివాళ్లకీ పొయ్యి ఎక్కువసేపు వెలిగించక్కర్లేని ఆహారం ఒకటి చేసి పెట్టుకుంటే చాలా సుఖం. ఎండ కాసే రోజుల్లో ఇలా చెయ్యండి.

చోడి సత్తుపిండి: చోళ్లు కిలో (కిందవాళ్లు రాగులంటారు), వేయించిన శనగపప్పు పావుకిలో, శొంఠి చిన్న ముక్క, ఏలకులు ఆరు, ఉప్పు చిటికెడు. చోళ్లని మట్టి పోయేలా నాలుగుసార్లు కడిగి రాత్రి నానబెట్టండి. ఉదయం నీళ్లు వార్చి తడిబట్టలో మూట కట్టి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచితే తెల్లగా మొలక తొంగిచూస్తుంది. మొలక మరీ పొడుగవనివ్వకండి. నీడలో ఒక పూట, ఎండలో రెండు రోజులు గలగలలాడేలా ఎండబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. చల్లారాక మిగతావన్నీ కలిపి మెత్తగా మరపట్టించండి. బెల్లం కలిపి నిల్వ చెయ్యకండి, చెమ్మ పట్టి గడ్డకడుతుంది. బెల్లం వేరే డబ్బాలో ఉండాలి. తినేటప్పుడు మూడు చెంచాల పిండి కాసిని చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, గ్లాసుడు మరిగే నీళ్లలో పోసి, మూడు నాలుగు నిమిషాలు తిప్పుతూ కాచి బెల్లం వెయ్యండి. పెద్దవాళ్లకి బెల్లం బదులు ఉప్పు, మజ్జిగ. బాగా ఆరిన పిండి మూత గట్టిగా ఉన్న డబ్బాలో నెల దాటి నిలవుంటుంది.

అంబలి మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. కొండ ఊళ్లలో మామిడి టెంక లోపలి జీడిని ఎండబెట్టి, దంచి, నానబెట్టి, టెంక అంబలి కాచుకుంటారు. తిండిగింజలు తగ్గే వానాకాలంలో అది ఎన్నో ఇళ్లని ఆదుకుంటుంది, దాన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు గిట్టదు. కానీ చెమ్మ తగిలి బూజు పట్టిన టెంకపిండి ప్రాణాలు తీస్తుంది. మన కొండల వరసలోనే ఉన్న ఒడిశా కాశీపూర్‌లో 2001లో అలాగే జనం చనిపోయారు. మీ ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి ఇంటి దగ్గర టెంకపిండి ఉందంటే "బూజు పడితే పారెయ్యి" అని చెప్పి ఊరుకోకండి, దానికి బదులు రెండు శేర్ల బియ్యం కూడా ఇవ్వండి. వట్టి సలహా పొయ్యి మీదికి ఎక్కదు.

ఇల్లూ, ఇంటి వెనకా

కోనసీమలో ఇంటి ముందు చూసుకుంటాం, కొండ ఊళ్లో ఇంటి వెనక చూసుకోవాలి. వెనక కొండవాలు ఉంటే, వాన నీరు గోడకి తగలకుండా పక్కలకి పోయేలా కాలవ తవ్వించండి. ఉన్న కాలవలో ఆకులూ చెత్తా తీయించండి. మట్టిగోడ రెండు రోజులు నానితే మూడో రాత్రి నిద్రలో కూలుతుంది. తుఫాను వానల్లో మనుషులు పోయే దారుల్లో ఇదొకటి. పక్కలు కొండవైపు గోడ దగ్గర వెయ్యకండి. గోడకి కొత్తగా బీట కనిపిస్తే ఆ గదిలో పడుకోనే వద్దు.

రేకుల ఇల్లయితే కొక్కేలు, మేకులు ఒకసారి బిగించి, దూలానికి కలిపి ఇనపతీగె చుట్టించండి. పెంకుటిల్లయితే జారిన పెంకులు సర్దించండి. ఇంటి మీదికి వాలిన సిల్వర్ ఓక్ కొమ్మలుంటే వాన రోజులకి ముందే కొట్టించాలి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ తొందరగా పెరిగే చెట్టు, గాలికి విరిగే గుణం ఉంది. గాలి హఠాత్తుగా ఆగితే బయటికి పరిగెత్తకండి. హుద్‌హుద్ నాడు విశాఖలో మధ్యలో కాసేపు గాలి నిమ్మళించింది, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది.

కొండచరియ జారేముందు కొన్ని గుర్తులు కనిపిస్తాయి. వాలు మీద నేల బీటలు తీయడం, నిటారుగా ఉన్న చెట్లూ స్తంభాలూ ఒరగడం, లేనిచోట కొత్తగా ఊట పుట్టడం, తేటగా వచ్చే ఊట ఉన్నట్టుండి బురదగా మారడం. వాన తగ్గకుండానే గెడ్డలో నీళ్లు ఒక్కసారి తగ్గాయంటే మరీ జాగ్రత్త, పైన ఎక్కడో మట్టి అడ్డంపడి నీరు నిలిచిందన్నమాట, అది తెగితే ఒకేసారి వస్తుంది. వీటిలో ఏది చూసినా సామాన్లు చూసుకోకుండా పిల్లల్ని తీసుకుని పక్కకి, గట్టి నేల మీదికి వెళ్లిపోండి. గెడ్డ వెంట కిందికి దిగడం కాదు, గెడ్డకి దూరంగా పక్కకి. బడో, పంచాయతీ భవనమో ఏది భద్రమో ముందే అనుకుని ఉంచుకోండి.

గెడ్డ దాటడం గురించి వేరే చెప్పాలి. మోకాలి లోతే కదా అని అడుగేస్తాం. కొండవాగు నీరు పట్టుతో లాగుతుంది, కింద రాళ్లు దొర్లుతుంటాయి. ఆశ్రమ పాఠశాలలో ఉన్న పిల్లల్ని తుఫాను అనగానే ఇంటికి తెచ్చేసుకోవాలని తల్లి మనసు కొట్టుకుంటుంది. వాళ్లు గట్టి భవనంలో, తిండి ఉన్నచోట ఉన్నారు. మధ్యలో ఉన్న గెడ్డ కంటే బడే భద్రం. వాన మొదలయ్యాక తేవడానికి బయల్దేరకండి.

ఇంట్లో గర్భిణి ఉంటే ఈ సంగతి మరీ ముఖ్యం. రోడ్డు లేని ఊళ్ల నుంచి నొప్పులు పడుతున్న పిల్లని డోలీ కట్టి మోసుకురావడం ఇవాళ్టికీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. మామూలు రోజునే అది గండం, తుఫాను వానలో ఇక చెప్పాలా? అక్టోబరు, నవంబరుల్లో నెలలు నిండేవాళ్లని ఇరవై రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. సాలూరు లాంటి చోట్ల కొండ ఊళ్ల గర్భిణుల కోసం వసతి గృహాలే పెట్టారు. మీ దగ్గర ఏ ఏర్పాటు ఉందో ఆశా కార్యకర్తకి తెలుస్తుంది. "ఇంకా టైముంది లెండి" అనే పెద్దవాళ్లతో ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా వాదించండి. బీపీ, సుగరు, మూర్ఛ మందులు వాడేవాళ్లకి పదిహేను రోజుల మందులు చేతిలో ఉండాలి.

దీపం కొండెక్కాక

మన భాషలో దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. కొండమీద ఉన్నవాళ్లకి ఆ దీపం ఎక్కడికెక్కిందో గానీ, రాత్రిళ్లు మాత్రం చాలా పొడుగ్గా ఉంటాయి. టార్చి, కొత్త బ్యాటరీలు, కొవ్వొత్తులు సరే, సెల్లుతో నడిచే చిన్న రేడియో ఒకటి తప్పకుండా ఉంచుకోండి. టవరు పోయినా ఆకాశవాణి వినిపిస్తుంది. ఫోన్లు నిండా ఛార్జి చేసి, వీడియోలు చూడకుండా దాచుకోవాలి. సహాయానికి 112, ఆంబులెన్సుకి 108. ఏటీఎంకీ, ఫోనులో డబ్బు కట్టడానికీ కరెంటూ టవరూ రెండూ కావాలి కాబట్టి పదులు, యాభైలు, వందలుగా కొంత డబ్బు పోపుల డబ్బాలో వేసుకోవాల్సిందే. మన అమ్మమ్మల బ్యాంకు ఇప్పటికీ పనికొస్తుంది.

చలి వేస్తోంది కదా అని కుంపటి గదిలో పెట్టి తలుపులు బిగించుకోకండి. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయట కాచుకుని, నిప్పు బయటే వదిలి లోపలికి రండి.

గాలీ వానా తగ్గాక మొదటి రోజు తెగిపడిన కరెంటు తీగెల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. పాములు పొడినేల వెతుక్కుంటూ కట్టెల్లోకీ మడతపెట్టిన గోనెల్లోకీ చేరతాయి, కర్రతో కదిపి చెయ్యి పెట్టండి. చచ్చిన పశువు మాంసం పంచుకోవడానికి వస్తే వద్దనండి. ఏజెన్సీలో ఆంత్రాక్స్ కేసులు ఇదివరకు వచ్చాయి. విరేచనాలు పట్టుకుంటే కాచిన నీళ్లు లీటరు, పంచదార ఆరు టీచెంచాలు, ఉప్పు అర టీచెంచా, రెండూ గీటు కొలతగా కలిపి, గుక్కగుక్కగా తాగించండి. ఉప్పు ఎక్కువైతే పసివాళ్లకి ప్రమాదం, అందుకే కొలత తప్పకూడదు. నీళ్లు నిలిచిన తర్వాత జ్వరం వస్తే మామూలు జలుబు జ్వరమని ఊరుకోకండి, మన కొండల్లో మలేరియా ఉంది, రక్తపరీక్ష చేయించాలి. దోమతెర అటక మీద ఉంటే దించండి.

కాగితాల సంగతి చివరికి వచ్చింది గానీ, పని మాత్రం ముందే చెయ్యాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి పన్ను రసీదు, భూమి పట్టా, అటవీ హక్కుల పట్టా, అన్నీ రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి కట్టి, రేకుపెట్టెలో ఎత్తుమీద ఉంచండి. ఎండ ఉన్న రోజునే ఇంటిని నాలుగు వైపులా, కాఫీ తోటని, పశువుల పాకని ఫోనులో ఫోటోలు తీసి ఉంచండి. తుఫాను తర్వాత నష్టం రాసుకోవడానికి అధికారులు వస్తారు. వాళ్లొచ్చేదాకా కూలిన చెట్టుని కదపకుండా ఉండడం కుదరదు కదా, దారి కావాలి, వంటకి కట్టె కావాలి. కూలిన వెంటనే ఫోటో తీసి అప్పుడు కొట్టించుకోండి. మొక్కలెన్ని పోయాయో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పట్టా మగవాళ్ల పేరున ఉన్నా లెక్క ఇల్లాలి దగ్గర ఉంటే మంచిది.

విత్తనాల కుండ మర్చిపోకండి. వచ్చే పంటకి దాచిన చోళ్లూ సామలూ పొడి బూడిద కలిపి, ఆనపబుర్రలో గానీ మూతగట్టి డబ్బాలో గానీ పోసి, మూతి మైనంతో మూసి, పొయ్యి పైన దండెం మీద వేలాడదీస్తే చెమ్మ చేరదు. మీ ఊళ్లో ఇంకేదైనా పద్ధతి ఉంటే మాకు రాయండి. ముఖ్యంగా వానాకాలంలో ఉప్పు నీరుకారకుండా ఏం చేస్తారో రాయండి. బియ్యపు గింజలు వేసే పద్ధతి మాకు తెలుసు, అది కొండమీది మంచులో అంతగా పనిచెయ్యడం లేదని ఇద్దరు ముగ్గురు ఇదివరకే రాశారు.